యూనిఫాంలో ఉన్న ఆ మనిషి ఎవరు? పాత మిలిటరీ ఫొటోలను చదవడం, బాగుచేయడం ఎలా

మీ ఇంట్లో గోడ మీదో, అటక మీది ట్రంకు పెట్టెలోనో యూనిఫాం వేసుకున్న మనిషి ఫొటో ఒకటుంది. ఆయన జేజినాయనకు అన్నా, అవ్వకు మేనమామా అన్నది సరిగ్గా చెప్పేవాళ్లు లేరు, "మిలిటరీలో చేసినాడంట, బర్మా పోయొచ్చినాడంట" అన్న మాటొక్కటే మిగిలింది. దాన్ని ఫోన్‌తో ఒక ఫొటో కొట్టి, ఏదో ఏఐ యాప్‌లో వేసి, రంగులద్దించి ఫ్యామిలీ గ్రూపులో పెడదామని చేతులు దురద పెడుతుంటాయి. ఆ పని ఆఖర్లో చేద్దురుగాని. ముందు బాగుచేయించి తర్వాత ఎవరో కనుక్కుందాం అనుకుంటారు చాలామంది, చేయాల్సింది సరిగ్గా దానికి తిరగేసి. టోపీ మీది బ్యాడ్జి ఫొటోలో కందిగింజంత ఉంటుంది. అది ఏనుగో ఫిరంగో యాప్‌కి తెలీదు, మసగ్గా కనిపిస్తే తనకు తోచిన మెరిసే బిళ్ల ఒకటి గీసి పెడుతుంది. అంతే, ఆయన ఏ రెజిమెంటో చెప్పే ఆధారం పోయినట్టే. కాబట్టి ముందు చదవడం, తర్వాత బాగుచేయడం.

పటం విప్పడం

మన వైపు పోయినవాళ్ల పటాలకు ఏమవుతుందో మీకు తెలుసు. అద్దం మీద గంధం, కుంకుమ బొట్టు, పండగ నాడు పూలదండ, ముందర ఊదొత్తులు. తడి బొట్టు కారి అద్దం అంచులోంచి లోపలికి దిగుతుంది, దండ తడి ఫ్రేము చెక్కకు పడుతుంది. మట్టి మిద్దె అయితే వానాకాలం గోడ చెమ్మంతా వెనక అట్ట తాగేస్తుంది. నంద్యాలలో మా చుట్టాలింట్లో ఒక పటం చూశాను, కుంకుమ నీళ్లు సన్నటి గీతలా దిగి సరిగ్గా భుజం మీది అక్షరాల దగ్గర ఆగాయి, ఇత్తడి అక్షరాలు మూడుంటే రెండే కనిపిస్తున్నాయి.

విప్పే ముందే పటాన్ని ముందూ వెనకా ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి. బల్ల మీద ఉతికిన నూలు గుడ్డ పరిచి, దాని మీద బోర్లా పెట్టి, తుప్పు పట్టిన మేకులను కటింగ్ ప్లేయర్‌తో ఒక్కొక్కటిగా పైకి లాగండి, అటూ ఇటూ ఊపితే పాత చెక్క చీలి అద్దం మీద పడుతుంది. వెనక అట్ట తీశాక లోపల పాత పేపర్ ముక్కో, క్యాలెండర్ అట్టో ఉంటుంది. పారేయకండి. పేపర్ మీద తేదీ ఉంటే ఆ పటం ఆ తేదీ తర్వాతే కట్టించారని తేలిపోతుంది. అది పటం కట్టించిన కాలం, ఫొటో తీసిన కాలం కాదు, రెండింటి మధ్య ముప్పై ఏళ్ల తేడా ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫొటో చుట్టూ ఉన్న దళసరి అట్ట అంచు కింద స్టూడియో పేరు అచ్చొత్తి ఉందేమో చూడండి, పటం కట్టేవాళ్లు దాన్ని ఫ్రేము కిందికి నెట్టేస్తారు. ఒక ఫొటో వెనక ఇంకో ఫొటో దొరకడం కూడా మామూలే.

ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంటే మాత్రం చెయ్యి పెట్టకండి. ఆ కాలపు ఫొటోల పైపొర జెలటిన్, ఒకసారి తడిసి ఆరితే జిగురులా అద్దాన్ని కరుచుకుంటుంది, లాగితే మొహం అద్దం మీద ఉండిపోయి కాగితం మీ చేతికొస్తుంది. అద్దంతో పాటే స్కాన్ చేయండి. 2009 అక్టోబర్‌లో కర్నూలును ముంచిన వరదలాంటిది వచ్చి ఆల్బమ్ మొత్తం తడిసిందనుకోండి, అప్పుడు లెక్క వేరు: ఆరనివ్వకుండా తడిగా ఉన్నప్పుడే ఒక్కో ఫొటోను విడదీసి, శుభ్రమైన చల్లటి నీళ్లలో మెల్లగా బురద పోనిచ్చి, బొమ్మ పైకి ఉండేలా గుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెట్టకండి, మన ఎండకు చుట్ట చుట్టుకుపోతాయి. స్టూడియో వాళ్లు చేత్తో రంగులద్దిన ఫొటోలైతే నీళ్లే తగలకూడదు, బుగ్గల ఎరుపు, తలపాగా రంగు అన్నీ కరిగిపోతాయి.

పొడి దుమ్ము మెత్తటి కొత్త బ్రష్‌తో మధ్య నుంచి అంచులకు దులిపితే చాలు. తడి గుడ్డ, స్పిరిట్, కిరోసిన్, కొబ్బరి నూనె, ఇస్త్రీ పెట్టె, సెల్లో టేపు, ఏదీ వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, జిరాక్స్ షాపుకు తీసుకెళ్లి లామినేషన్ చేయించకండి! వేడికి పైపొర దెబ్బతింటుంది, ప్లాస్టిక్ మళ్లీ జన్మలో ఊడదు, వెనక రాసి ఉన్నదాన్ని వెలుతురుకు వాల్చి చదివే అవకాశమూ పోతుంది.

స్కాన్

ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఉన్న షాపులో చేయించండి, మీరు పక్కనే నిలబడండి. మూడు మాటలు చెప్పండి: కలర్‌లో చేయాలి, 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) చేయాలి, టిఫ్ ఫైలుగా (వివరం పోకుండా దాచే రకం) ఇవ్వాలి. బ్లాక్ అండ్ వైట్ ఫొటోకు కలర్ ఎందుకన్నా అంటాడు. మరకలకు రంగుంది, వెలిసిపోయిన పసుపుకు రంగుంది, తర్వాత వాటిని వేరు చేయడానికి ఆ రంగే పనికొస్తుంది. పోస్ట్‌కార్డు సైజు ఫొటో, అంటే మూడున్నర అంగుళాలకు అయిదున్నర, 1200 డీపీఐలో సుమారు 80 ఎంబీ వస్తుంది, కాబట్టి పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. "ఆటో కరెక్షన్", "డస్ట్ రిమూవల్" లాంటివి ఆపేయమనండి. ఫొటో వెనక వైపు కూడా చేయించండి, ఖాళీగా కనిపించినా సరే. పలుచటి కాగితం అయితే పైన నల్ల కాగితం ఒకటి పెడితే వెనక రాత ముందుకు కనిపించదు.

స్కానర్ దొరక్కపోతే ఫోనే. కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట, ఫ్లాష్ లేకుండా, ఫోన్ ఫొటోకు సమాంతరంగా పట్టుకుని తీయండి. తర్వాత గది చీకటి చేసి, టార్చి లైటును ఫొటోకు పక్క నుంచి, దాదాపు బల్ల ఎత్తులో వేసి ఇంకొకటి తీయండి. స్టూడియో వాడి అచ్చు ముద్ర, పెన్సిల్ ఒత్తి రాసి చెరిగిపోయిన నంబరు, ఇలాంటివి ఈ పక్క వెలుతురులో తేలతాయి. నల్లటి భాగాల్లో నీలం కలిసిన వెండి మెరుపు కనిపిస్తే భయపడకండి, అది ఫొటోలోని వెండి కాలంతో పాటు పైకి రావడం, తుడిస్తే పోదు, వెలుతురు కోణం మారిస్తే కనపడకుండా పోతుంది.

ఈ స్కాన్ ఫైలుకు ఎప్పటికీ చెయ్యి తగలనివ్వకండి. మార్పులన్నీ కాపీ మీదే.

చదవడం

తలకాయ దగ్గర మొదలుపెట్టి కాళ్ల దాకా రండి. మొహం వదిలేయండి, మొహం చూసి "అచ్చం మా చిన్నాయనలాగే ఉన్నాడు" అనుకోవడం మొదలుపెడితే ఇక బ్యాడ్జి చూడరు.

మొట్టమొదట ఇది బొమ్మ తిరగబడిన ఫొటో కాదని తేల్చుకోండి. మగవాళ్ల చొక్కాల్లో ఎడమ వైపు అంచు కుడి వైపు దాని మీదికి వస్తుంది, పతకాలు ఎడమ రొమ్ము మీద ఉంటాయి. రెండూ రివర్స్‌లో ఉంటే నెగటివ్ తిప్పి ప్రింట్ వేశారన్నమాట. చొక్కా సరిగ్గానే ఉండి పతకాలు మాత్రం కుడి వైపుంటే, చనిపోయిన తండ్రివో అన్నవో పతకాలు ఇంట్లోవాళ్లు పెట్టుకున్నారేమో ఆలోచించండి, ఆ ఆచారం ఉంది.

తర్వాత కిరీటం. ఇంతకన్నా సులువైన గుర్తు ఇంకోటి లేదు. టోపీ బ్యాడ్జి మీదో, గుండీల మీదో, భుజాల మీదో బ్రిటిష్ కిరీటం ఉంటే ఆ యూనిఫాం 26 జనవరి 1950కి ముందుది, మూడు సింహాలుంటే ఆ తర్వాతది. నేవీలో అయితే టోపీ రిబ్బన్ చూడండి: 1950 దాకా మన ఓడల పేర్ల ముందు హెచ్ఎంఐఎస్ అని ఉండేది, ఆ తర్వాత ఐఎన్ఎస్. ఎయిర్‌ఫోర్స్‌కు 1945 నుంచి 1950 దాకానే పేరు ముందు "రాయల్" ఉంది. గుండీ మీది బొమ్మ కనపడకపోతే స్కాన్‌ను వంద శాతం జూమ్ చేసి, అన్ని గుండీలూ ఒక్కొక్కటే చూడండి, ఒకదాని మీద వెలుతురు సరిగ్గా పడి ఉంటుంది.

టోపీ, తలపాగా. నిటారుగా, గుండ్రంగా నిలబడే పొడుగాటి టోపీ కనిపిస్తే బెంగుళూరు మద్రాస్ శాపర్స్ వైపు ఆలోచించండి, ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్, ఆ టోపీని దుప్టా అంటారు. ఏనుగు ఉంటే మద్రాస్ రెజిమెంట్. 1803లో అస్సాయి దగ్గర జరిగిన యుద్ధం జ్ఞాపకంగా వచ్చిన ఏనుగు అది, ఈ రెజిమెంటు కేంద్రం నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. ఇక్కడ ఒక కిటుకుంది. మద్రాసు పదాతి దళాలను 1920ల్లో బ్రిటిష్‌వాళ్లు ఒక్కొక్కటిగా రద్దు చేసి, రెండో ప్రపంచయుద్ధం వచ్చాక మనుషులు కావాల్సొచ్చి మళ్లీ పెట్టారు. అందుకని 1930ల్లో తీసిందని ఇంట్లో గట్టిగా చెప్పే ఫొటోలో మద్రాస్ రెజిమెంట్ రెగ్యులర్ సిపాయి కనిపిస్తే, తేదీని అనుమానించండి. ఫిరంగి బొమ్మ ఉంటే ఆర్టిలరీ, పాము చుట్టుకున్న కర్ర ఉంటే మెడికల్ కోర్, రెక్కల కాలుతో పరుగెత్తే మనిషి ఉంటే సిగ్నల్స్. బ్యాడ్జిని కత్తిరించి గూగుల్ లెన్స్‌లో వేసి చూడొచ్చు, కానీ అది చూపించే మొదటి ఫలితాన్ని పట్టుకుని సంబరపడకండి, ఆకారం, కింది పట్టీ మీది అక్షరాలు రెండూ కలిస్తేనే ఒప్పుకోండి.

భుజం చివర ఇత్తడి అక్షరాలు టోపీ కన్నా నమ్మకమైనవి, ఎందుకంటే అవి యూనిట్ పేరునే చెబుతాయి. ఆర్ఐఏఎస్సీ అని ఉంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్, అంటే లారీలు, కంచర గాడిదలు, రేషన్ల పని, 1935 నుంచి 1950 లోపు. ఐఈఎంఈ అంటే మరమ్మతుల దళం, అది పుట్టిందే 1943లో, అంతకుముందు ఫొటో అయ్యే అవకాశమే లేదు. చేతి పైభాగాన గుడ్డ ముక్క మీద బొమ్మ ఉంటే అది డివిజన్ గుర్తు: ఎర్ర గద్ద నాలుగో ఇండియన్ డివిజన్‌ది, ఆఫ్రికాలోనూ ఇటలీలోనూ పోరాడింది, నల్ల పిల్లి పదిహేడోది, అది బర్మా.

ఇక ర్యాంకు, అంటే కుటుంబ గొడవలు మొదలయ్యే చోటు. చేతి మీద వీ ఆకారపు పట్టీ ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. ముంజేతి మీద, మణికట్టుకు దగ్గరగా, తిరగేసిన పట్టీలుంటే అవి సత్ప్రవర్తనకు ఇచ్చినవి, ర్యాంకు కాదు. "మా తాత మేజర్" అనే ఇళ్లు మన జిల్లాల్లో నేను చాలా చూశాను, చూస్తే ఆయన సుబేదార్ మేజరో, హవల్దార్ మేజరో అయ్యుంటాడు, మధ్యలో ముందు సగం రాలిపోయింది. 1950 తర్వాతి ఫొటోల్లో దీన్ని తేల్చడానికి ఒక చిన్న గుర్తుంది: మేజర్‌కూ సుబేదార్ మేజర్‌కూ భుజం మీద ఉండేది ఒకటే సింహాల చిహ్నం, కానీ సుబేదార్ మేజర్‌కు దాంతో పాటు భుజానికి అడ్డంగా ఎరుపు, పసుపు, ఎరుపు రిబ్బన్ ముక్క ఉంటుంది. ఒక స్టార్ ఉన్నా అంతే, రిబ్బన్ ఉంటే జమేదార్, లేకపోతే సెకండ్ లెఫ్టినెంట్. జమేదార్ అనే ర్యాంకు పేరు 1965లో నాయబ్ సుబేదార్‌గా మారింది, కాబట్టి ఫొటో వెనక ఏ పేరు రాసి ఉందో కూడా కాలం చెబుతుంది. సుబేదార్ మేజర్ అంటే ఏమీ తక్కువ కాదు, సిపాయిగా చేరిన మనిషి మామూలుగా ఎక్కగలిగిన పెద్ద మెట్టు అది, ఇంట్లోవాళ్లకు ఆ మాట చెప్పండి, మొహాలు మాడ్చుకోరు.

రొమ్ము మీది రిబ్బన్లు చూసి వెంటనే పేరు పెట్టేయకండి. 1930ల దాకా స్టూడియోల్లో ఎక్కువగా వాడిన ప్లేట్లకు ఎరుపు నల్లగా పడుతుంది, నీలం తెల్లగా పడుతుంది. అంటే ముదురుగా కనిపించేది నిజంగా ముదురు రంగు కానక్కర్లేదు. రంగు ఊహించడం మానేసి ఎన్ని చారలున్నాయి, మధ్య చార వెడల్పెంత, రెండు వైపులా ఒకేలా ఉందా, ఇవి లెక్కపెట్టండి. బర్మా స్టార్‌ను ప్రకటించింది 1945 మేలో, కాబట్టి ఆ రిబ్బన్ ఉన్న ఫొటో అంతకుముందుది కాదు. రిబ్బన్లు లేనంత మాత్రాన ఆయన బర్మా పోలేదనీ కాదు, చేరిన కొత్తలో ఊరికి పంపడానికి తీయించుకున్న ఫొటో అయ్యుండొచ్చు, చాలావరకు అలాంటివే. పతకం ఇంట్లో ఉంటే దాని అంచు తిప్పి చూడండి. మొదటి ప్రపంచయుద్ధం వెండి పతకం గుండ్రటి అంచు మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. ఫొటో కన్నా అదే పెద్ద సాక్ష్యం, చింతపండు పెట్టి రుద్దకండి, అక్షరాలు అరిగిపోతాయి.

చివరగా కాళ్లు. చీలమండ నుంచి మోకాలి దాకా గుడ్డ పట్టీలు చుట్టి, పొడుగు కోటు, తోలు బెల్టు, తూటాల తోలు పట్టా ఉంటే మొదటి యుద్ధం వైపు మొగ్గండి. నిక్కరు, మేజోళ్లు, చీలమండ దగ్గర మాత్రమే పొట్టి పట్టీ, దళసరి నూలు బెల్టుకు ఇత్తడి కొక్కెం, ఇవి రెండో యుద్ధం వైపు లాగుతాయి.

అన్నీ చూశాక కూడా ఒక అనుమానం ఉంచుకోండి, అసలు ఈయన సిపాయేనా అని. కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరు, అక్కడ ఇప్పటికీ ఏపీఎస్పీ (రాష్ట్ర ప్రత్యేక పోలీసు) రెండో పటాలం ఉంది, పోలీసు ఫొటోలకు కొదవ లేదు. గుంతకల్లు రైల్వే జంక్షన్, గార్డులకూ స్టేషన్ సిబ్బందికీ ఇత్తడి గుండీల కోట్లుండేవి. ఎన్సీసీ 1948లో మొదలైంది, కాలేజీలో తీయించుకున్న ఎన్సీసీ ఫొటో రెండు తరాలు దాటేసరికి మిలిటరీ ఫొటో అయిపోతుంది. బావమరిది సెలవుకొస్తే అతని చొక్కా తొడుక్కుని స్టూడియోకు పోయినవాళ్లూ ఉన్నారు, చేతులు పొడుగైపోయి, భుజాలు జారిపోయి, బ్యాడ్జి ఒక్కటీ లేకుండా ఉంటే అదీ ఆలోచించండి. పేరు, బ్యాడ్జి, తుపాకి ఏమీ లేని సాదా ఖాకీ అయితే వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, కంచర గాడిదలు తోలేవాళ్లు, లేబర్ కోర్ వాళ్లు అయ్యుండొచ్చు. వాళ్లూ ఇరాక్‌లోని బస్రా దాకా పోయినవాళ్లే, పతకాలు వచ్చినవాళ్లే.

పెద్దవాళ్లను అడగడం

"అవ్వా, ఈయన ఎవరు?" అని ఫొటో చేతికిస్తే "ఏమో నాయనా, మా చిన్నప్పటి నుంచి ఉండాది" అంటుంది, అక్కడితో కథ అయిపోతుంది. వేరే వైపు నుంచి రండి. "ఈ పటం ముందు ఏ ఇంట్లో ఉండేది?" "దీనికి బొట్టు ఎవరు పెట్టేవాళ్లు?" "ఈయనకు మనియార్డర్ ఎవరి పేరు మీద వచ్చేది?" పింఛను ఎవరు తీసుకున్నారో తెలిస్తే ఆయన భార్య ఎవరో తెలుస్తుంది, అక్కడి నుంచి చుట్టరికం దానంతటదే వస్తుంది. సంవత్సరం అడక్కండి, వాళ్ల లెక్క వేరు. రంగూన్ పడిపోయినప్పుడా అంటే 1942, గాంధీ పోయినప్పుడా అంటే 1948, కర్నూలు రాజధాని అయినప్పుడా అంటే 1953, చైనా యుద్ధమప్పుడా అంటే 1962. ఆయన సెలవుకు వచ్చినప్పుడు మీ అమ్మ కడుపుతో ఉందా, మీరు నడుస్తున్నారా, ఇలా అడగండి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి, చెప్పి చేయండి.

రికార్డులు

యుద్ధంలో చనిపోయి ఉంటే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకండి, రెండు ప్రపంచయుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లు ఉచితంగా చూడొచ్చు. చాలా పేర్ల పక్కన తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. బర్మాలో పోయి సమాధి దొరకనివాళ్ల పేర్లు అందులో రంగూన్ మెమోరియల్ కింద, మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో, అలా పోయినవాళ్లవి బస్రా మెమోరియల్ కింద దొరుకుతాయి.

ఇక్కడే మనవాళ్లు తప్పిపోతారు, జిల్లా పేరు దగ్గర. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్లారి జిల్లా, కాబట్టి ఆదోని మనిషిని బళ్లారి కింద వెతకాలి. మార్కాపురం, గిద్దలూరు, కంభం 1970లో ఒంగోలు జిల్లాలోకి (తర్వాత ప్రకాశం అని పేరు మారింది) పోయాయి, అంతకుముందు కర్నూలే. కడపకు పాత ఇంగ్లిషు స్పెల్లింగ్ సీతో మొదలవుతుంది, నడుమ రెండు డీలు, చివర హెచ్. రెడ్డిని చివర ఐతో రాసేవాళ్లు. ఇంటిపేరు సాధారణంగా ఉండదు, దాన్ని పట్టుకుని వెతికితే ఏమీ రాదు. పేరులో సగమే కొట్టి, జిల్లాతో కలిపి, తండ్రి పేరుతో సరిపోల్చుకోండి.

బతికొచ్చినవాళ్లైతే ఇంట్లోనే వెతకాలి: డిశ్చార్జి బుక్కు, పింఛను కాగితం, దాని మీది పీపీఓ (పింఛను మంజూరు ఉత్తర్వు) నంబరు. సైనికుడి నంబరు ముందు జేసీ అని ఉంటే ఆయన జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్, అంటే జమేదార్ నుంచి సుబేదార్ మేజర్ దాకా ఉన్న ర్యాంకుల్లో ఒకటి. నంబరు, యూనిట్ పేరు దొరికితే ఆ దళం రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాయొచ్చు. మద్రాస్ రెజిమెంట్‌కు వెల్లింగ్టన్, మద్రాస్ ఇంజనీర్లకు బెంగుళూరు, ఆర్టిలరీకి నాసిక్, ఈఎంఈకి (ఆ మరమ్మతుల దళం ఇప్పటి పేరు) సికింద్రాబాద్, సిగ్నల్స్‌కు జబల్పూర్. ఎలా రాయాలో తెలియకపోతే మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, అక్కడ పనిచేసేవాళ్లలో మాజీ సైనికులే ఎక్కువ, మీరు తెచ్చిన బ్యాడ్జి ఫొటో చూసి పక్క గదిలోంచి ఇంకొకర్ని పిలుస్తారు.

బాగుచేయడం

ఇప్పుడు చేయండి. కంప్యూటర్లో ఫొటోలు సరిదిద్దే గిమ్ప్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఫొటోషాప్ ఉంటే సరే. కాపీ ఫైలు తెరిచి, రంగుల చానెళ్లు మూడూ (ఎరుపు, పచ్చ, నీలం పొరలు) విడివిడిగా చూడండి. పసుపు, గోధుమ రంగు మరకలు రెడ్ చానెల్‌లో దాదాపు మాయమవుతాయి. మరక లేకుండా బొమ్మే పసుపుగా వెలిసిపోయి ఉంటే బ్లూ చానెల్‌లో మొహం తేరుకుంటుంది. సగం పని ఇక్కడే అయిపోతుంది, చాలామందికి ఈ సంగతి తెలియక మరకల మీద గంటల తరబడి బ్రష్ కొడతారు. తర్వాత కర్వ్స్‌తో వెలుగు నీడలు కొంచెం సరిచేయండి, తలపాగా మడతలు తెల్లగా కాలిపోకుండా చూసుకుంటూ.

మడత గీతలు, పురుగు కొట్టిన చిల్లులకు హీలింగ్ టూల్, క్లోన్ టూల్, ఇవి పక్క భాగాన్ని తీసి పాడైన చోట అతికిస్తాయి. కొత్త లేయర్ మీద, చిన్న బ్రష్‌తో, ముందు గోడ, నేల, తెర లాంటి చోట్ల. చెయ్యి కుదిరాక బట్టలు, ఆఖర్న మొహం. కళ్లు, ముక్కు మీదుగా పోయిన గీత ఒక్కటైతే సర్దొచ్చు, ఒక కన్నే లేకపోతే రెండో కన్ను తిప్పి అతికించకండి, ఏ మనిషికీ రెండు కళ్లూ ఒకేలా ఉండవు, అవ్వ ఒక్క చూపులో "ఈయన కాదు" అంటుంది. బ్యాడ్జి, భుజం అక్షరాలు, రిబ్బన్లు, పట్టీలు, వీటి మీద క్లోన్ టూల్ పెట్టనే కూడదు. సగం పోయి ఉంటే సగమే ఉండనివ్వండి.

షాపులో ఇస్తే ఈ మాట కాగితం మీద రాసి ఇవ్వండి, లేకపోతే "క్లియర్‌గా చేశానన్నా" అని కొత్త కోటు తొడిగి, వెనకాల నీలం తెర వేసి, మీసం దువ్వి ఇస్తారు. ఏఐ యాప్ వాడాలనే ఉంటే వాడండి, పిల్లలకు సరదా, కానీ ఫైలు పేరులోనే "ఏఐ" అని రాసేయండి. రంగుల విషయంలో ఇంకా జాగ్రత్త. ఖాకీనా, అడవి పచ్చా అన్నదే కాలాన్నీ యుద్ధరంగాన్నీ చెప్పే విషయం, బ్లాక్ అండ్ వైట్‌లో రెండూ ఒకే బూడిద రంగు, యాప్ మాత్రం తనకు తోచిన రంగు వేసేస్తుంది. రేపు మీ మనవడు ఆ పచ్చ రంగు చూసి ఏవేవో లెక్కలు కడతాడు.

దాచడం

గోడకు ప్రింటు వేయించి పటం కట్టించండి, అసలుది ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో బీరువాలో ఉంచండి. మిద్దె కింద అటకలు మే నెలలో పొయ్యిలా కాలతాయి, అక్కడ వద్దు. జిగురు పేజీల ఆల్బమ్, చవక ప్లాస్టిక్ కవర్లు కూడా వద్దు. ఫొటో వెనక బాల్‌పెన్‌తో రాయకండి, ముందు వైపు అచ్చు పడుతుంది. మెత్తటి పెన్సిల్‌తో అంచున రాయండి: పేరు, తండ్రి పేరు, ఊరు, యూనిట్, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు. ఖచ్చితంగా తెలియనిదాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి, సిగ్గుపడక్కర్లేదు. టిఫ్ ఫైలు ఒకటి మీ దగ్గర, ఒకటి వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గర ఉండాలి, వాట్సాప్‌లో పంపితే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే 80 ఎంబీ ఫైలు కుదించుకుపోయి గుండీలు మళ్లీ మసకబారతాయి.